గానుగోడి ఎడమకాలు

ముఖం చూసి కాదు, నడక చూసి గుర్తుపట్టాను.
చిత్తూరు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి
పుత్తూరు కట్టు కోసం నిలబడ్డ వరసలోకి
ఎడమకాలు ఈడ్చి, ఒక క్షణం ఆగి,
మళ్ళీ ఈడ్చి వచ్చాడు.
నా చేతిలో గుడ్డు చితికింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
నారాయణవనం దారిలో టూరింగ్ టాకీసు, నేల టికెట్టు.
తెర మీద రాత్రి, చెరుకు తోట,
బెల్లం గోనె ముసుగు, దానికి రెండు కన్నాలు,
చెరుకు నరికే కత్తి.
గానుగోడు.
సగం బొమ్మకే లేచి, ఒక చెప్పు అక్కడే వదిలేసి
ఇంటిదాకా పరుగెత్తాను.
మిగిలిన చెప్పును మా అమ్మ చాన్నాళ్ళు దాచింది,
ఎందుకో మరి.

"పేరు?"
"చెంగల్రాయులు. కట్టమంచి. అరవై ఎనిమిది."
విరిగింది కుడి మణికట్టు.
వేళ్ళతో తడిమితే ఎముక లోపల
ఎండిన చెరుకాకు చప్పుడు.
మూడు బొమ్మల్లోనూ చివర గానుగోణ్ణి చంపేస్తారు:
కాగే బెల్లం పెనంలో ఒకసారి,
పాడుబావిలో ఒకసారి, రైలు కింద ఒకసారి.
చంపిన ప్రతిసారీ, హాల్లో లైట్లు వెలిగే ముందు
ఒక చెయ్యి పైకి లేస్తుంది.
ఆ చెయ్యి ఇదే.
వేళ్ళ సందుల్లో వక్కాకు సున్నం.

పసరు పూస్తూ అడిగాను, ఎట్ల పడినావు సామీ అని.
నవ్వాడు. పైపళ్ళు లేవు.

"నాలుగో బొమ్మ తీస్తా ఉండారబ్బోడా.
గోనె అదే, కత్తి అదే, లోపల మనిషే మారినాడు.
ఇరవై ఆరేండ్ల పిల్లోడు. జిమ్ము ఒళ్ళు. మంచోడే.
నడక మాత్రం రాలే.
బెల్లం గోడౌన్లోకి నన్ను పిలిచి
ఒంటినిండా తెల్ల గోళీలంటించి నడవమన్నారు.
కంప్యూటర్లోకి ఎక్కిందంట నా కాలు.
ఇంక నాకు నొప్పొచ్చినా దానికి రాదు."

వెదురు దబ్బ పెట్టాను. పళ్ళు కొరికాడు.

"ఆ నడక నాది కాదు, తెలుసునా?
మొదటి దినమే చెరుకు మోడు దిగింది పాదంలో.
డైరెక్టరు కట్టు కట్టనీలే.
బాగుండాది, అట్లే నడువు అన్నాడు.
రెండో బొమ్మకి పుండు మానింది, నటించినా.
మూడోదానికీ నటించినా.
ఇప్పుడు మోకాలు పోయింది. నటనతో పన్లే."

ముసుగు కింద ఆ ముఖం
ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా ముసలిదైంది.
గోనెకు మాత్రం ఒక్క ముడతా రాలేదు.

గుడ్డ చుడుతున్నాను. గొంతు తగ్గించాడు.

"భయం కాల్లో ఉండదు, ఆగే చోట ఉంటాదిరా అని
పిల్లోడికి చూపిస్తా చూపిస్తా జారినా.
వాడు గోనె తగిలించుకోనుండాడు.
పరిగెత్తుకోనొచ్చి నన్ను ఎత్తబోయినాడు.
ఆ రెండు కన్నాలు నా మీదికి వంగితే
అరిచినాను అబ్బోడా,
గోడౌనంతా వినబడేట్టు.
ముప్పై ఏండ్లకి మొదటిసారి
దాన్ని బయట్నుంచి చూసినా."

ఇరవై ఒక్క రోజులు కదిలించొద్దు, తడపొద్దు అన్నాను.
అందరికీ చెప్పే మాటే.
చెప్పు సంగతి చెబుదామనుకున్నాను.
వరసలో మోచెయ్యి విరిగిన పాప ఏడుస్తోంది,
గుడ్లు తక్కువున్నాయి, చెప్పలేదు.

బస్సు హారన్ కొడుతోంది.
ఆయన తొందరపడలేదు.
గానుగోడు ఏ బొమ్మలోనూ పరుగెత్తలేదు,
పరుగెత్తిన వాళ్ళందరినీ అందుకున్నాడు.
ఎడమకాలు ఈడ్చి, ఆగి,
ఈడ్చి,
బస్సు వెళ్ళిపోయింది.

దుమ్ము తగ్గాక చూస్తే
రోడ్డు పక్కన తెల్లటి కట్టుతో
వచ్చే బస్సు కోసం
ఒక చెయ్యి పైకి లేచి ఉంది.

కదిలించొద్దన్నానా, అని ఇక్కణ్ణుంచే కేక వేశాను.