రెండు వేళ్ళు పైన

సూది దిగాల్సిన చోటుకి
రెండు వేళ్ళు పైన దిగిందన్నాడు
ఒంగోలు ఎముకల డాక్టరు.
ఆ మాటే కాగితమ్మీద రాసిమ్మంటే
పెన్నుకి మూత పెట్టేశాడు.

టంగుటూరు బ్యారన్‌లో
పొగాకు కర్ర పై వరసకి అందించిన చెయ్యి ఇది.
ఇప్పుడు జాకెట్టు తొడుక్కోవాలన్నా
కోడలు రాజ్యాన్ని కేకెయ్యాలి.

పదకొండో వాయిదా.
"టీకాకి ముందు నొప్పి లేదని రుజువేది?"
ఆస్పత్రి తరఫు ప్లీడరు.
నొప్పి లేని రోజులకి రసీదు ఎవురిస్తారయ్యా?
మేస్త్రీ హాజరు పుస్తకం తెచ్చి ముందు పెట్టా.
మార్చి తొమ్మిది దాకా అన్నీ నిండు రోజులే,
ఆనక ఒట్టి గీతలు.

"ఎంత అడుగుదాం, దీనమ్మా?" అన్నాడు మా లాయరు.
కూలి లెక్క చెప్పా, మందుల లెక్క చెప్పా,
ఆటో చార్జీలు కూడా.
రాత్రిళ్ళు ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోలేకపోవడం
ఏ గడిలో రాస్తారో తెలీక ఊరుకున్నా.

నిన్న మనవరాలికి అయిదేళ్ళ టీకా.
పేటలో అందరూ వద్దన్నారు,
నీ గతి చూసుకోమన్నారు.
నేనే తీసుకుపోయా.
నర్సు పిల్ల కొత్తది, చెయ్యి వణుకుతోంది.
పాప జబ్బ మీద వేలు పెట్టి చూపించా:
ఇంకాస్త కిందకి, తల్లీ.
ఇంకాస్త.