అంచు మీది అంకె

షార్జా, పదో ఇండస్ట్రియల్ ఏరియా.
పొద్దున తొమ్మిదికే రేకుల కప్పు
టిక్కు టిక్కుమని సాగుతది.
నేను లేత్ మీద ఉంట.
బ్రేకు డిస్కులు నా దగ్గరికి
తుప్పు పట్టి, గాళ్లు పడి,
కొన్ని వంకరపోయి వస్తయి,
పోయేటప్పుడు పెండ్లి పళ్లెం లెక్క పోతయి.
కొత్త జత ఆరు వందల దిర్హాములు.
నేను చెక్కింది నూట ఇరవై.
నడుమ మిగిలిన నాలుగు వందల ఎనభై మీద
ఈ గల్లీ గల్లీ బతుకుతది.

ఆమె శుక్రవారం వచ్చింది,
నైట్ డ్యూటీ దిగి, ఆస్పత్రి చెప్పుల మీదనే.
బండిని చూస్తే నవ్వొచ్చింది నాకు.
రెండే సీట్లు, పసుపు రంగు,
కూసుంటే నేల జానెడు దూరం.
దేశం ఇడిసిపెట్టి పోతున్న దొరెవరో
అగ్గువకు ఇచ్చిపోయిండట.
వాహిద్ భాయ్‌తోని హిందీల మాట్లాడుకుంట
పర్సు తీసి "ఎనభై, తొంభై, వంద" అని గొణిగింది.
ఎన్ని భాషలొచ్చినా
పైసలు మాత్రం సొంత భాషలనే లెక్కపెడతరు.
అట్ల దొరికిపోయింది, మలికిపురం కెజియా.
"బ్రేకు తొక్కితే కాలు వణుకుతుందండీ,
చలిజ్వరం వచ్చినోళ్ల చెయ్యి పట్టుకున్నట్టు."

భాయ్ షెల్ఫుల నుంచి ముందు జత తీసిండు.
"ఫస్ట్ క్లాస్ మాల్."
అంచు మీద సన్నగ పోతపోసి ఉంటది
ఎవ్వలూ చదవని ఒక అంకె:
కనిష్ఠం ఇరవై రెండు.
చెక్కుడు ఆడిదాకనే.
కుడిది కొలిచిన. ఇరవై రెండున్నర.
ఎడమది, ఇరవై ఒకటిన్నర.
అది నేను చెక్కిందే, పోయిన నెల.
"గీత కనపడొద్దు, ఇంకొంచెం" అన్నడు భాయ్.
ఇంకొంచెం చెక్కిన.
గీత పోయింది. దానెంబడి అర మిల్లీమీటరు పోయింది.

అర మిల్లీమీటరంటే గోరు మందం.
ఎమిరేట్స్ రోడ్డు మీద, నూట ముప్పైల,
ముందర ట్రక్కు ఎర్రలైటు వేసినప్పుడు
ఆ గోరు మందం ఎవ్వలు తెచ్చిస్తరు?

భాయ్ చెడ్డోడు కాదు.
అద్దె తారీకు దగ్గరికొచ్చినోడు.

మైక్రోమీటరు తుడుసుకుంట, తల ఎత్తకుండ అన్న:
"అక్కా, ఎడమది వద్దను. ఏదో ఒక వంక పెట్టు."

ఆమె నా దిక్కు చూడలేదు.
పెద్ద డాక్టరు రాసిన తప్పు మందును
పేషెంటు ముందర బయటపెట్టని మొఖం అది.
తర్వాత చూడాలె ఆ బేరం!
దీని రంగు బాలేదన్నది.
ఇది మోగుతుందన్నది, స్పానర్‌తో కొట్టి, చెవి పెట్టి.
వంద మీద ఫిల్సు కూడ ఇయ్యనన్నది.
స్టూలు మీద కూసొని రెండు చాయ్‌లు తాగింది.
ఆఖరికి భాయ్ నిచ్చెన ఎక్కి
దుమ్ము కొట్టుకున్న ఇంకోటి దించిండు,
"లే జా బహెన్, నన్ను వదిలిపెట్టు" అనుకుంట.
ఇరవై మూడు పైనే ఉన్నది.
ఆమె ముందరనే చెక్కిన,
నల్లటి పొట్టు ఉలవపొట్టు లెక్క రాలింది.

"మూడు వందల కిలోమీటర్లు మెల్లగ తొక్కు.
ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు కావాలె."
తల ఊపింది. నా బొటనవేలు పట్టుకొని చూసింది.
"ఇనప పెచ్చు. ఎన్నాళ్లైంది?"
"బక్రీదుకు ముందట."
జడపిన్నుతోని రెండు నిమిషాలల్ల తీసేసింది.
నొప్పి పుట్టలేదని అబద్ధమాడిన.

ఆ సాయంత్రం గేటు కాడ
పసుపు బండి ఒక్క క్షణం ఆగింది.
కీచు లేదు, వణుకు లేదు.
మా పని మంచిగయితే
చెవికేం వినపడదు.

ఎడమదాన్ని నేనే కొన్న, తుక్కు ధరకు.
మళ్ల షెల్ఫు ఎక్కుతదని భయం.
ఇప్పుడది రూముల చాయ్ గిన్నె కింద ఉన్నది.
మెరుపు ఇంక పోలేదు.
కొత్తగ దిగిన పొరగాడు వేలితోని రాసి చూసి
"మంచిగనే ఉన్నది గదనే,
ఎందుకు అమ్మలేదు?" అంటడు.