పదిన్నర లోపు

ఆదివారం రాత్రి అన్నాలయ్యాక గ్రూపులో పడింది ఉత్తర్వు.
"రేపటి నుంచి సిబ్బంది యావన్మందీ
పదిన్నర లోపు తమ తమ స్థానాల్లో ఉండవలెను.
ప్రజా సౌకర్యార్థం."
కింద సూపర్నెంటు గారి దండం బొమ్మ.

తుపానుకి మత్స్యశాఖ ఆఫీసు రేకులెగిరిపోయి పదకొండు నెలలు.
మునిగే ఊళ్ళో పిల్లల్ని తలొకరూ ఎత్తుకున్నట్టు
ఫైళ్ళని గోనెసంచుల్లో ఇళ్ళకి మోసుకుపోయాం.
నా వాటాకి వేట నిషేధం భృతి, ఏడు సంచులు.
గారలో మా వంటింట్లో
బియ్యం డ్రమ్ముకీ కుట్టుమిషనుకీ మధ్య
ప్రభుత్వం కొలువుతీరింది.

సుఖపడ్డానని అనను.
పప్పు పొంగితే లేచేదాన్ని, కలెక్టరేటు పొంగితే కూర్చునేదాన్ని.
"ఇంట్లోనే ఉన్నావు కదా" అన్న మాట వెనక
ఎప్పుడూ ఒక పని నిలబడి ఉండేది.
రెండువందల పదిహేడో దరఖాస్తు మీద పసుపు వేలిముద్ర నాదే,
ఏ ఆడిట్‌లో దొరుకుతానో.

కానీ ఒకటి జరిగింది, ఏ ఉత్తర్వూ లేకుండానే.
బందరువానిపేట నుంచి కోరాడ నీలాలు
ఒకనాడు మా గుమ్మం కనిపెట్టింది.
తట్ట దించి మెట్టు మీద కూచుని
"నా డబ్బులు ఏ బేంకీలో మునిగిపోనాయో సూడమ్మా" అంది.
చూశాను.
ఆధారులో కోరాడ, పాసుబుక్కులో కొరాడ.
ఒక్క దీర్ఘం.
దానికి రెండు వేసవుల పస్తు.

దిద్దాను. మంగళవారం మరో నలుగురొచ్చారు,
పై వారం పదకొండు మంది.
గుమ్మానికి ఉప్పు వాసన పట్టేసింది.
ఇల్లా, రేవా ఇది? అన్నాడు మా ఆయన.
ఏం చెప్పను,
పదహారేళ్ళ సర్వీసులో ఒక మనిషి ఎదురుగా కూచుని
ఆ మనిషి పేరు దిద్దడం అదే మొదలు.

సోమవారం.
అంపోలు దాటాక ఆటోలో ఒక సంచి తాడు తెగింది.
శ్రీకాకుళంలో కొత్త సున్నం, కొత్త కౌంటరు, కొత్త అద్దం,
అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం.
ముఖం చూసే యంత్రం ముందు నిలబడ్డాను.
సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి.
కళ్ళజోడు తీశాను. సరిపోలలేదు.
వెనక నుంచి అటెండరు చిన్నమ్మడు
"పాత మొకమెట్టుకొని రావలసింది మేడం" అంది.
పది ముప్పైరెండుకి నేను నేనేనని ఒప్పుకుంది యంత్రం.

అబద్ధమెందుకు,
కుర్చీలో కూచోగానే ఒళ్ళు తేలికైంది.
ఎవరూ పేరు పెట్టి పిలవని గది.
పదకొండు నెలల్లో మొదటిసారి
టీ మొత్తం వేడిగా ఉండగానే తాగాను.

మూడు గంటలప్పుడు కన్నంలోంచి ఒక చెయ్యి వచ్చింది,
గోటికి ఎండిన పొలుసు, వేళ్ళ మధ్య నలిగిన చీటీ.
"గారలో అమ్మగారింటికెల్తే తాళమేసున్నాది బాబూ.
ఆయమ్మ ఏడ దొరుకుతాదో సెప్పండి.
ఆటోకే ఎనబై అయిపోనాది."
అద్దం నిండా ఎండ. దానికి నేను కనబడటం లేదు.

వంగి, కన్నానికి నోరు ఆనించి
"కోరాడకి దీర్ఘమున్న నీలాలేనా?" అన్నాను.
చెయ్యి ఆగిపోయింది.
"ఓలమ్మా! ఇక్కడ దాసీసినారేటి నిన్ను?
ఎప్పుట్నుంచి?"

పదిన్నర నుంచీ, అన్నాను.