ఒక్కో కంటికి ఒక్కో దూది

సినోప్ రేవులో వేట ఆగిపోయిన ఏప్రిల్‌లో
వలలు బాగుచేసే నెరిమాన్ పాకలో
పాత వల ఉండ మీద ఈనింది బూడిదరంగు పిల్లి.
నాలుగు కూనలు.

తొమ్మిదో రోజుకి మూడింటికి కళ్ళు విచ్చుకున్నాయి.
ఇంకా తేరుకోని నీలం.
పొద్దుటి సముద్రంలా, అనబోయి ఊరుకుంది నెరిమాన్.
నల్లసముద్రం పొద్దున్న ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

పన్నెండో రోజున కూడా
నాలుగోది నిద్రపోతోందనే అనుకుంది.

నిరుడూ అలాగే అనుకుంది.
మూసిన రెప్పల వెనక బఠాణీ గింజంత ఉబ్బు,
లోపల చీమని ఎరగక
"పసిదిలే, అదే తెరుస్తుంది" అంది.
ఆ కూన పాక వెనక ఉంది,
విరిగిన తెడ్డు పాతిన చోట.

ఈసారి వలసూది పక్కన పడేసింది.
దోసిట్లో పెట్టుకుని కిటికీ వైపు తిప్పింది.
రెప్పల అంచున పచ్చటి పుసి
ఎండి, పడవ సందున తారులా పట్టేసింది.
ముక్కు తడి.
పిడికెడు ఒంట్లోంచి ఇల్లెగిరేంత తుమ్ము.

"టీ డికాక్షన్‌తో కడుగు" అన్నాడు కొట్టు రుక్నెత్తిన్,
గ్లాసు కూడా తెచ్చాడు.
"నా కంటిచుక్కలు సగం సీసా ఉన్నాయి,
ఆపరేషన్‌కి రాసినవి, మంచివి" అంది షుకూఫే.
రేవులో ఎవరి మందు వాళ్ళకుంది.
కన్ను మాత్రం కూనది.

ఫోన్‌లో డాక్టర్ గుల్చిన్ ఏదో నములుతూ చెప్పింది:
గోటితో గీకకు.
కాచిన నీళ్ళు, చిటికెడు ఉప్పు, గోరువెచ్చగా.
దూది తడిపి రెప్ప మీద ఉంచు, నాననీ.
ముక్కు వైపు నించి బయటికి, ఒక్కటే తుడుపు.
రెండో కంటికి వేరే దూది. విన్నావా, వేరే దూది.
నేను చూసేదాకా ఏ చుక్కా వెయ్యకు.
తీసుకురా. రేపు కాదు.

ఈ పని ఆమెకి కొత్త కాదు.
ఉప్పు పట్టి బిగిసిన ముడిని లాగితే తాడు తెగుతుంది,
నానబెడితే అదే వదులుతుంది.
ముప్పై ఏళ్ళ వేళ్ళు ఊపిరి బిగబట్టాయి.

కుడి రెప్ప విడింది.
చీము, ఆ వెనక నీలం.
ఎడమది విడింది.
ఆ వెనక పాలు.

కొండ మీది క్లినిక్‌లో
నారింజరంగు కాగితం అంచు కంటికి ఆనించి
దీపాలార్పి నీలి టార్చి వేసింది గుల్చిన్.
నల్లగుడ్డు మధ్యన ఆకుపచ్చగా వెలిగింది పుండు,
గడ్డిపరకంత.
"షుకూఫే చుక్కలు పడుంటే
ఇది చిల్లయ్యేది" అంది, ఎవరినీ తిట్టకుండా.

మూడు వారాలు. ఆరుగంటలకోసారి ఆయింట్‌మెంట్.
రాత్రి రెండింటికి అలారం మోగితే
రుక్నెత్తిన్ గోడవతల నించి తిట్టేవాడు,
తెల్లారి వేడి నీళ్ళ ఫ్లాస్కు మాత్రం గుమ్మంలో ఉండేది.

పుండు మానింది. కంట్లో పువ్వు మిగిలింది.
పువ్వట. మచ్చకి ఆ పేరు పెట్టినవాళ్ళెవరో
ఇలాంటి కూననే ఒళ్ళో పెట్టుకుని ఉంటారు,
లేదా అబద్ధమాడటం బాగా వచ్చినవాళ్ళయి ఉంటారు.

ఇప్పుడది ఎడమ పక్క వచ్చే తాడుని చూడదు,
గుద్దుకుంటుంది, తాడు మీద అలుగుతుంది.
పళ్ళెం కుడివైపు పెడుతుంది నెరిమాన్.

మిగతా మూడింటినీ
రోజూ పొద్దున్నే మెడపట్టి వెలుతురుకి తిప్పుతుంది.
గుర్రుగా చూస్తాయవి.
చూడనీ.
చూస్తే చాలు.