జులై అంశం: వాన

జనవరిలోనే చీటీలు వేసుకున్నాం,
గ్రీమ్స్‌పేటలో జిరాక్సు కొట్టుపైన రేకుల గదిలో.
హార్లిక్స్ సీసాలో పన్నెండు మడతలు.
ఫిబ్రవరికి తలుపులు. మార్చికి మనిషి వీపు.
మే నెలకి పసుపు: మామిళ్ళ కాలం, అందరికీ సులువు.
జులైకి వాన.
ఆ చీటీ తీసిన హంసవేణి చప్పట్లు కొట్టింది,
కొత్తగా కొన్న కెమెరా తడిసినా ఏమీ కాదట.

జులై వచ్చింది, వాన రాలేదు.
నీవా ఏట్లో పిల్లలు వికెట్లు పాతి
బంతి ఎగిరినప్పుడల్లా ఆకాశం చూశారు,
మేమూ చూశాం.
నియమం ఒక్కటే. ఆ నెలలో తీసిందే తేవాలి.
పాత వానలు చెల్లవు.

వజ్రవేలు ఒక మబ్బు వెంటబడి
స్కూటరు మీద యాదమరి దాకా పోయి
పెట్రోలు అయిపోయి, ఒట్టి మబ్బుతో తిరిగొచ్చాడు.
ఖాజాపీర్ మిద్దెమీదినుంచి
పెళ్ళాం చేత బిందెడు నీళ్ళు పోయించాడు.
అవి ట్యాంకరు నీళ్ళు.
ఆమె అతనితో మాట మానేసింది.
హంసవేణి గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి కాయల మీద పడే షవరును పట్టుకుంది,
ప్రతి చుక్కా ముత్యమే, ఒక్కటీ వాన కాదు.

నేను కరెంటు మీటర్లు చూసేవాణ్ణి.
నెలకోసారి ఊళ్ళో ప్రతి గోడకీ మొహం చూపిస్తాను.
నా చెప్పుల చప్పుడు కుక్కలకి తెలుసు.
మురకంబట్టులో ఒక పెంకుటింటికి
మీటరు చూరు కిందే ఉంటుంది.
అంకెలు రాసుకుని తల దించితే
నేలమీద వరసగా గుంటలు,
బొటనవేలు పట్టేంత, జానెడుకొకటి,
పైన పెంకుల వరస ఎన్నో కింద అన్ని.
ఎన్నేళ్ళ చినుకులు గురి తప్పకుండా పడితే
నేల ఇంత లోతుగా గుర్తు పెట్టుకుంటుంది!
ఇప్పుడు ఒకదాంట్లో చీమలు,
ఒకదాంట్లో చింతగింజ,
ఒకదాంట్లో ఎవరో పాప దాచుకున్న బలపం ముక్క.

బ్యాగు పక్కన పెట్టి బోర్లా పడుకున్నాను.
ఇంటామె చీపురు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.
"కింద గూడా మీటరుండాదా సామీ?"

తీర్పు చెప్పడానికి వేలూరు నుంచి వచ్చిన సారు
నా ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.
కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.
"బాగుందప్పా. వాన యాడుండాది?"
యూనిట్లేమీ కాలకపోయినా
మినిమం చార్జీ ఉంటుంది సారూ అందామనుకున్నాను.
అనలేదు. ఏడుగురిలో ఐదోవాణ్ణయ్యాను.
మొదటి బహుమతి ఫోన్‌తో తీసిన పదో తరగతి పిల్లోడికి:
గాంధీరోడ్డులో గొడుగులు బాగుచేసే ముసలాయన
పనిలేక నిద్రపోతున్న ఫోటో.
చప్పట్లు గట్టిగానే కొట్టాను, కొంచెం ఆలస్యంగా.

ఆగస్టు చీటీలో ఏముందో ఎవరికీ గుర్తులేదు.
విప్పితే, దుమ్ము.
ఆ రాత్రే మొదలైంది.
రేకుల మీద ఎవరో శనక్కాయలు కుమ్మరించినట్టు,
పది రోజులు.
ఊరంతా కడిగిన పళ్ళెంలా మెరుస్తుంటే
మావాళ్ళు దుమ్ము కోసం తిరిగారు,
రైసుమిల్లులో, గ్రానైటు షెడ్లలో, కోర్టు రికార్డుల గదిలో.
ఖాజాపీర్ భార్య మాట కలిపింది:
"అటకెక్కు. నీకెంత కావాలంటే అంత ఉండాది."

తొమ్మిదో తేదీ మురకంబట్టు వంతు.
మీటరు నలభై మూడు యూనిట్లు చూపించింది.
రాసుకుని తల దించాను.
గుంటలన్నీ నిండి ఉన్నాయి.
ప్రతి పెంకూ తన గుంటలోకి,
పక్కదాని సంగతి పట్టించుకోకుండా,
చుక్క వెనక చుక్క.
నీళ్ళడుగున బలపం ముక్క కొత్తదానిలా ఉంది.
కెమెరా ప్లాస్టిక్ కవరులో, కవరు బ్యాగులో, బ్యాగు చంకలో.

ఇంటామె గడపలో నిలబడి
కాసేపు నన్నూ కాసేపు నేలనూ చూసింది.
"ఏం సామీ,
ఈ తూరి పండుకోవా?"