రెప్పల గడియారం

కోబేలో అన్నయ్య సెలూన్ మూసేశాడు.
కుర్చీలు ఒకరు పట్టుకుపోయారు, అద్దాలు ఇంకొకరు.
గడియారాన్ని మాత్రం మూడు తువ్వాళ్ళలో చుట్టి
హకోదాతెకి, నాకు, పార్సెల్ వేశాడు.
లోపల చీటీ:
"మిత్సుయే, ఆగిపోయింది. నువ్వైతే చూస్తావు."

నేనైతే చూస్తాను.
స్క్విడ్‌లు ఎండబెట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు
బెల్టు తెగితే అరిచేది నా పేరే.

వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచాను.
ప్లగ్గు పీకి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.
వెనక నాలుగు మరలు,
తీసి సోయా సాసు గిన్నెలో వేశాను.
డొప్ప లేవగానే
గుప్పున తలనూనె వాసన.
పళ్ళచక్రాల సందుల్లో అంతా వెంట్రుకలే.
నల్లవి కొన్ని, తెల్లవే ఎక్కువ.
అన్నయ్య కత్తెర కింద తల వంచినవాళ్ళు
డబ్బులిచ్చి, దణ్ణం పెట్టి,
తలా ఒక పోగు ఇక్కడ వదిలిపోయారు.
ట్వీజర్‌తో లాగుతుంటే
ఎవరినో నిద్రలేపుతున్నట్టు చెయ్యి నెమ్మదించింది.

ముప్పై ఏడో రెప్ప చెవి ఊడి వేలాడుతోంది.
అప్పుడు చూశాను:
ప్రతి రెప్పకీ ముందువైపు ఒక నిమిషం పైసగం,
వీపున దాని తర్వాతి నిమిషం కిందిసగం.
ఏ నిమిషమూ తన రెప్ప మీద తాను పూర్తిగా లేదు.
రెప్పపాటు అనే మాట
ఎవరో దీన్ని చూసే పుట్టించినట్టుంది.

సూదితో చెవిని కన్నంలోకి నెట్టాను.
మోటారు ఇరుసు చుట్టూ బెల్లంపాకంలా గట్టిపడ్డ గ్రీజు;
గీకి, తుడిచి,
కుట్టుమిషన్ నూనె, సూదిమొనకి ఆగినంత.
ప్లగ్గు పెట్టాను.
తుమ్మెద మూలుగు.
తప్!
ముప్పై ఏడు ముప్పై ఎనిమిదయింది.
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

రాత్రి ఏడింటికి సరిచేసి పెడితే
రేడియోలో ఎనిమిది వార్తలు మొదలయ్యేసరికి
ఇది ఇంకా ఏడూ యాభై అంటుంది.
మళ్ళీ విప్పాను. మళ్ళీ తుడిచాను.
మళ్ళీ పది నిమిషాలు.
మూడోరోజు దాన్ని తిట్టాను, అన్నయ్యనీ తిట్టాను.
ఫోన్ చేస్తే అంటాడూ,
"నా దగ్గర ఒక్క నిమిషం కూడా తప్పలేదే!"

పై అంతస్తులో కువబరా గారు,
ఒకప్పుడు ఓడల్లో కరెంటు పనివాడు,
టీ తాగుతూ విని విని నవ్వాడు.
"దీనికి ఏ రోగమూ లేదమ్మా. నీళ్ళు పడలేదు, అంతే.
పడమటి కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుంది,
మన తూర్పుది యాభై.
ఇది ఊపులు లెక్కపెట్టి నిమిషం కడుతుంది.
లెక్క తప్పలేదు పాపం. ఊపులే తక్కువయ్యాయి."

అంటే ఇన్నాళ్ళూ
గంటకి పది నిమిషాలు
అన్నయ్య ఊళ్ళోనే ఉండిపోతున్నాయన్నమాట.

డొప్ప అడుగున, మురికి కింద,
గోరంత ఇత్తడి బిళ్ళ: ఒక పక్క 60, ఒక పక్క 50.
ఎన్నిసార్లు విప్పానో, ఒక్కసారీ బోర్లించి చూడలేదు.
పది యెన్ల నాణెం అంచుతో తిప్పాను.
లోపల ఏదో చక్రం ఇంకో చక్రాన్ని వదిలి
పక్కదాన్ని పట్టుకుంది.

ఆ రాత్రి ఫోను గడియారం దగ్గర పెట్టాను.
తప్!
"వినపడలేదు," అన్నాడు, "ఇంకోసారి."
ఇంకోసారంటే ఒక నిమిషం ఆగాలి.
ఆగాం.
ఆయన ఊపిరి, నా ఊపిరి, మధ్యలో మోటారు మూలుగు.
బేరాలు లేని మధ్యాహ్నాల గురించి ఏదో మొదలుపెట్టి
సగంలో ఆపేశాడు.
తప్!
"ఆ," అన్నాడు. "అదే."

నాలుగు మరలూ బిగించాను.
పొద్దున అన్నం పెట్టుకుంటూ చూస్తే
సోయా సాసు గిన్నెలో
ఇంకొకటి ఉంది.