నూలుపోగు పరీక్ష

షియర్ మిషన్ రేకును కొరికి వదిలేస్తది.
అక్కడికి దాని పని అయిపోతది.

బాలానగర్ వెనక గల్లీల మా షెడ్డు.
సిమెంటు రేకుల సందుల నుంచి
ఒక ఎండపుల్ల వైస్ మీద పడినప్పుడు
తెగిన అంచుకు బర్రు కనబడ్తది,
కాగిన పాల మీద మీగడ
ఒక పక్కకు ముడుసుకున్నట్టు.
చూస్తే వెంట్రుక.
తాకితే బ్లేడు.

మొదటి వారం రోజుకో వేలు కోసుకున్న.
గ్లౌజులు తొడుక్కుంటే అంచు మాట వినబడదు,
తొడుక్కోకుంటే మరీ గట్టిగ వినబడ్తది.
లతీఫ్ భాయ్ అయ్యో అనలే.
రక్తం ఆగినంక చేతిల ఆకురాయి పెట్టిండు.

“ముందుకు తోస్తేనే తింటది.
వెనక్కి తెచ్చేటప్పుడు లేపు.
వెనక్కి కూడ రుద్దితే రేకుకేం కాదు,
పాపం దీని పండ్లు పోతయ్.”

అల్యూమినియం ఇరుక్కోకుండ
ఆ పండ్లకు సుద్దముక్క రుద్దుడు కూడ ఆయనే నేర్పిండు.
మూడో తరగతిల విడిచిన సుద్ద
ముప్పై నాలుగేండ్లకు మళ్ల చేతికంటింది.

రంధ్రం అంచుకేమో పెద్ద డ్రిల్ బిట్టు,
మిషన్‌కు పెట్టొద్దు,
వేళ్లతోటే రెండు తిప్పులు, పచ్చడి సీసా మూత తిప్పినట్టు.
మూడో తిప్పు తిప్పితివా, స్క్రూ తల లోపలికి మునుగుతది,
సేటు గొంతు బయటికి లేస్తది.
లోపలి వంపులకు మా పిల్లగాని పెన్సిలు,
దానికి చుట్టిన ఎమెరీ కాగితం.
ఇంట్ల వాడు పెన్సిలు ఏదని ఏడుస్తుండె.

అంతా అయినంక పరీక్ష.
నా కొంగు చివర ఒక నూలుపోగు గుంజి
అంచు పొడుగునా మెల్లగ లాగుతడు లతీఫ్ భాయ్.
పోగు ఎక్కడన్న ఆగిందా, మళ్ల మొదటి నుంచి.
“కన్ను అబద్ధం చెప్తది,
వేలు అలవాటు పడ్తది,
పోగుకు అలవాటు ఉండదమ్మా” అంటడు.
ఏడేండ్లల్ల నా చీరెల కొంగులన్నీ
కుచ్చులు కుచ్చులైనయ్.

డ్రాయింగుల ప్రతి గీతకు ఒక అంకె ఉంటది.
పొడుగు నూటా పద్దెనిమిది, మడత తొంభై,
రంధ్రానికీ రంధ్రానికీ నడుమ ఇరవై రెండున్నర.
నా పనికి అంకె లేదు.
అడుగున మూలకు చీమలంత ఇంగ్లీషు అక్షరాలు,
పదును అంచులు తీసేయాలె అని.
రేటు లెక్క కట్టేటప్పుడు
సేటు చాయ్ గ్లాసు ఆ మూల మీదనే పెడ్తడు.

నెల మొదట్ల రేషన్ దుకాణం.
మిషన్ మీద బొటనవేలు పెట్టిన.
“మళ్ల పెట్టు.” పెట్టిన.
“తుడుసుకోని పెట్టు.” తుడుసుకున్న.
ఎడమ చెయ్యి, చూపుడువేలు, ఉంగరం వేలు,
పదింటినీ ఒక్కొక్కటి అడిగింది ఆ డబ్బా.
ఎర్రలైటు. ఎర్రలైటు.
“నీ వేళ్ల మీద గీతలే లేవు కదా, అండాలూ” అన్నడు డీలరు బుచ్చిరాములు.
వెనక లైన్ల ఒకామె పిండిమర మూస్తరని గునిగింది.

నేను చేతులు తిప్పి చూసుకున్న.
ఎన్ని వేల రేకులు,
ఎన్ని వేల ముందుకు తోసుళ్లు.
ఆకురాయి నన్ను కూడ కొంచెం కొంచెం తిన్నది,
బిల్లు వెయ్యలే.

చివరికి కన్ను పెట్టమన్నడు.
ఇంకో డబ్బాల కండ్లు ఇంతంత చేసి చూసిన.
కన్ను చెప్పింది నమ్మిండు.
ఆకుపచ్చ.
లతీఫ్ భాయ్‌కి చెప్తే నవ్వుతడు.

కాంటా మీంచి బియ్యం సంచిల పోసుకుంటుంటే
పళ్లెం అంచు పట్టుకున్న బొటనవేలు
ఠక్కున ఆగింది.
కుడిదిక్కు, మూల నుంచి రెండంగుళాలు,
బర్రు, కిందికి ఒరిగి ఉన్నది.
నాలుగువందల కార్డులు,
నెలకోసారి అందరి చేతులు ఇక్కడికే.

“అన్నా,
ఈ పళ్లెం ఒక్క రాత్రికి ఇస్తవా?
పొద్దుగాల తెచ్చి ఇస్త.”

బుచ్చిరాములు నన్ను చూసిండు,
పళ్లెం చూసిండు.
నేనప్పటికే కొంగుల పోగు వెతుకుతున్న.